ఊరు దాటించిన గత్తర

ఊరి పంచాయితీలో నన్ను కూర్చోబెట్టింది నా చదువు కాదు, ఊరికి నా మీదున్న గౌరవమూ కాదు. ఇద్దరు దాయాదులు ఒకే స్థానం కోసం పట్టుబట్టారు. ఒకడికి చెయ్యెత్తితే రెండోవాడితో పగ. అందుకని జనం తెలివిగా ఇద్దరినీ వదిలేసి, చావడి గోడకు ఆనుకొని తమాషా చూస్తున్న నాకు చేతులెత్తారు. పంచాయితీలు కొత్తగా వచ్చిన రోజులవి. ఆడది సభ్యురాలు కాకూడదని నియమాల్లో ఎక్కడా లేదు. అలాంటి అవసరం వస్తుందని రాసినవాళ్ళకు తోచి ఉండదు.

అప్పటికి నాకు నలభై దాటాయి. మద్రాసులో కాలేజీ చదువు చదివి వచ్చి, చర్చి పక్కన పాకలో బడి నడుపుతూ, పెళ్ళీ పెటాకులూ లేకుండా, నోరొక్కటే ఆస్తిగా బతుకుతున్నాను. ఆ నోటితో ఊరికి మేలు చేయగలనని నిజంగానే నమ్మాను. దబాయించేవాళ్ళు ఎప్పుడూ తాము ఒప్పనే నమ్ముతారు. నేనూ అంతే.

మా ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉంటుంది. పేరు రాయను. రాస్తే కింది ఊరి పేరు కూడా రాయాల్సి వస్తుంది, ఆ ఊరివాళ్ళను ఇంకోసారి బాధపెట్టే హక్కు నాకు లేదు. రెండూళ్ళకూ పొలిమేర ఒక వాగు. వానాకాలం నాలుగు రోజులు పారి తక్కిన ఏడాదంతా ఇసుకగా పడి ఉంటుంది. మాకు ఊరబావి ఉంది. కింది ఊరికి బావి లేదు. వాళ్ళు వాగు ఇసుకలో మోకాటి లోతు గుంటలు తవ్వి, ఊరిన నీళ్ళను చిప్పతో తోడుకుంటారు. వాటిని చెలిమలంటారు. ఆ నీళ్ళు తియ్యగా ఉంటాయని మా ఊరివాళ్ళే ఒప్పుకునేవారు.

కింది ఊరి నుంచి ఒక ముసలామె వారం వారం చేపల గంప నెత్తిన పెట్టుకొని మా ఊరికి వచ్చేది. శామీర్‌పేట చెరువులో పట్టిన చేపలు. బేరంలో నాకు సమానమైన నోరు ఆ చుట్టుపక్కల ఆమెకొక్కదానికే ఉండేది. ఆమె కోడలు మా ఊరి పిల్ల. తల్లి లేనిది. నా బడిలో నాలుగేళ్ళు చదివింది. పలక మీద తప్పు రాస్తే నేను చెరపనిచ్చేదాన్ని కాదు. తప్పు మీద అడ్డంగా ఒక గీత గీసి, దాని కిందనే సరిగ్గా రాయమనేదాన్ని. తప్పు కళ్ళ ముందుంటేనే బుద్ధి వస్తుందని నా సిద్ధాంతం. ఆ పిల్ల అత్తగారింటికి పోయాక కూడా బొగ్గుతో గోడ మీద తన పేరు రాసుకునేదట. "గోడంత ఖరాబు జేస్తాంది, నీ పుణ్యమే" అని ముసలామె నన్ను తిట్టేది. తిట్టేటప్పుడు ఆమె మొహంలో మురిపెం దాగేది కాదు.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. యుద్ధం రోజులు. పండిన కొంచెంలో సర్కారు లెవీ కింద కొంత పోయింది, దీపాల్లోకి గ్యాసునూనె దొరకదు, బావి అడుగంటింది. ఎండలు ముదిరే వేళకు మేడ్చల్ అంగడికి పోయి వచ్చిన ఒక బండి మనిషికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పొద్దు గుంకకముందే పోయాడు. తెల్లారి అతని భార్య. ఆ తర్వాత వాళ్ళ వాకిలి పంచుకునే ఇల్లు. గత్తర అన్న మాట పైకి అనడానికి ఊరు రెండు రోజులు భయపడింది. మా చర్చిలో గంట కొట్టడం మానేశారు. గంట ఆపితే చావు ఆగుతుందనుకున్నారేమో.

మేడ్చల్ దవాఖానా నుంచి కంపౌండరు ఎర్ర మందు పొట్లాలు తెచ్చి పంచాయితీ చేతిలో పెట్టి పోయాడు. నేను ఒక పొట్లం ఊరబావిలో కలిపాను. నీళ్ళు ఎర్రబారాయి. ఆడవాళ్ళు బిందెలు బోర్లించుకొని వెళ్ళిపోయారు. బావి గట్టు మీద కూర్చున్న పటేలు, అంటే మా పంచాయితీ పెద్ద, నన్ను చూసి నవ్వాడు.

"పంతులమ్మా, మీ ప్రభువు నీళ్ళను ద్రాక్షసారా జేసిండని పాట పాడుతరు గద. నువ్వేంది, నెత్తురు జేసినవు?"

"సారా జేసుంటే పొద్దుగాలనే మీరు చెంబు పట్టుకొని ముంగట నిలబడేటోళ్ళు" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నీళ్ళు మాత్రం ఎవరూ తోడలేదు. మర్నాటికి ఎవరో బావిలో వేపమండలు వేసి, మందు మైల పోవాలని పసుపు చల్లారు. తక్కిన పొట్లాలు నా దగ్గరే ఉండిపోయాయి. చావులు ఆగలేదు.

అప్పుడు బండి మాట వచ్చింది. గత్తర వచ్చిన ఊళ్ళో అమ్మవారిని సాగనంపడం పాత ఆచారం. వడ్లాయన ఒక్క రోజులో చిన్న కట్టెబండి చేస్తాడు. మట్టితో అమ్మవారి బొమ్మ చేసి, చీర చుట్టి, గాజులు వేసి బండిలో కూర్చోబెడతారు. ఇంటింటి నుంచి పాత చేట, అరిగిన చీపురు, పగిలిన కుండ తెచ్చి అందులో వేస్తారు. రోగం వచ్చిన ఇంటివాళ్ళు రోగి పడుకున్న బొంత కూడా వేస్తారు. డప్పులు కొడుతూ లాగుకొని పోయి, పొలిమేర మీద దించి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. అమ్మ ఇక అవతలి ఊరి అతిథి. అవతలి ఊరివాళ్ళకు ఓపికుంటే ఇంకో పొలిమేర దాకా లాగుతారు.

తాలూకా నుంచి మాత్రం తాకీదు ఉంది. రోగం తగ్గేదాకా ఊరేగింపులు కూడదు, పంచాయితీయే ఆపాలి. మేం ఐదుగురం. పటేలూ ఇంకొకరూ బండి కావాలన్నారు. ఇద్దరు తాకీదుకు భయపడి వద్దన్నారు. మిగిలింది నా చెయ్యి.

చావడి కూడటానికి రెండు రోజుల ముందు చేపల ముసలామె బడికి వచ్చింది. గంప లేదు. చెట్టంత మనిషి గంప లేకపోయేసరికి సగమైనట్టు కనిపించింది. గుమ్మంలోకి రాకుండా బయటే నిలబడింది. గత్తర ఊళ్ళో ఇంకెక్కడ నిలబడుతుంది.

"పంతులమ్మా, మీ ఊర్ల బండి కడుతున్నరంట?"

"కట్టుకోనీ అవ్వా. కట్టెల బండి. దానికేమన్న పానం ఉందా?"

"దించేది మా దిక్కేనాయె, వాగు కాడ. నా కోడలికి తొమ్మిదో నెల పడ్డది. తొలుసూరు. పుట్టింటికి తోలుదమనుకుంటే మీ ఊర్ల గిట్లుండె. తోలలేదు, నా కాడనే ఉంచుకున్న. ఇప్పుడు మీరు దాన్ని నా ఇంటి మీదికే పంపితె ఎట్ల?"

"గత్తర బండెక్కి రాదు."

"మరి ఎట్లొస్తది?"

"నీళ్ళల్ల వస్తది. నీ కోడలికి నేనే చెప్పిన బడిల, అడుగు. కాచి తాగున్రి, ఏం గాదు."

"కాచేటందుకు కట్టెలు నువ్విస్తవా?"

నాకు నవ్వొచ్చింది. ఎంత నోరున్న మనిషి అనుకున్నాను. ఆమె నవ్వలేదు.

"నువ్వు సదువుకున్నదానివి. ఎట్లొస్తదో నాకెర్క లేదు. మీ ఊర్లకెల్లి వస్తది, అదొక్కటే ఎర్క. నువ్వు చెయ్యెత్తకపోతే ఆగుతదంట. ఎత్తకు."

నేను ఆమెకు సూక్ష్మజీవుల గురించి చెప్పాను. బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పాను. అమ్మవారు, బండి, పొలిమేర, ఇవన్నీ మనిషి భయం పుట్టించినవని చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. "ఐతె ఎత్తుతవన్నట్టు" అని వెళ్ళిపోయింది.

ఆమె అంత తేలిగ్గా ఎలా పట్టుకుందో అప్పుడు నాకు తెలియలేదు. నేను అప్పటికే ఒక లెక్క వేసుకొని ఉన్నాను. బండిలో రోగం లేదు గనుక బండి పోతే నష్టం లేదు. బావిలో మందు పడితే లాభం ఉంది. నష్టం లేనిదాన్ని ఇచ్చి లాభం ఉన్నదాన్ని తెచ్చుకోవడమే తెలివి. ఈ లెక్కలో ఎక్కడ తప్పుందో ఇప్పటికీ చాలామంది చదువుకున్నవాళ్ళను అడుగుతుంటాను. సగం మందికి దొరకదు.

చావడిలో పటేలుతో అన్నాను: "బండికి నా చెయ్యి గావాల్నంటె, బాయికి మీ చెయ్యి గావాలె. బండి పోయిన్నాడే బాయిల మందు పడాలె. తొలి బిందె మీ ఇంటికెల్లే రావాలె."

"పంతులమ్మ బేరం మస్తు జేస్తది" అన్నాడు పటేలు. "శాపల అవ్వ కాడ నేర్సినట్టుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే చెయ్యెత్తాను.

బండి కదిలింది పట్టపగలు, నడినెత్తిన ఎండ. నేను వెంట పోలేదు. బావి గట్టు మీద నిలబడి పొట్లం విప్పుతున్నాను. బండి బావి పక్క నుంచే పోయింది. మట్టి బొమ్మ ముక్కుకు ఎవరో నిజం ముక్కుపుల్ల పెట్టారు. చేటలూ చీపుళ్ళూ కుండలూ, వాటి మీద బొంతలు. వాంతులతో విరేచనాలతో తడిసి ఎండి అట్టలు కట్టిన బొంతలు. ఆ బొంతలను కాల్చండి, కాల్చండి అని నేను ఇంటింటికీ తిరిగి మొత్తుకున్నదాన్ని. చచ్చినవాళ్ళ బొంత కాల్చడానికి మనసొప్పక ఎవరూ కాల్చలేదు. ఇప్పుడు అమ్మవారి కోసం వాళ్ళంతట వాళ్ళే తెచ్చి పడేస్తున్నారు. పోనీలే, ఏదో ఒక విధంగా ఊళ్ళోంచి పోతున్నాయి కదా అనుకున్నాను. ఈ కళ్ళతో చూస్తూ అనుకున్నాను. ఊళ్ళోంచి పోయి ఎక్కడ పడతాయన్న ప్రశ్న నా బుర్రలోకి రాలేదు. డప్పులు దూరమయ్యాయి. పటేలు భార్య ఎర్ర నీళ్ళ బిందె తొలిగా ఎత్తింది. నేను గెలిచాను.

నాలుగో నాడు ఉరుములతో వాన పడింది. అది వానాకాలం కాదు, ఎండాకాలపు అకాల వాన, కానీ గట్టిగా పడింది. వాగు సగం పూట మోకాలి లోతున పారి మళ్ళీ ఇసుకలో ఇంకిపోయింది. అమ్మ చల్లబడిందని ఊరు ఊరంతా వాకిళ్ళలో తడిసింది. మా ఊళ్ళో గత్తర ఆగింది. కొత్తగా ఎవరూ పడలేదు. బండి వల్లనే అన్నారు సగం మంది, మందు వల్లనే అన్నాను నేను. రెండూ నా చెయ్యెత్తడం వల్లనే గనుక రెండు పక్షాలవాళ్ళూ నన్ను మెచ్చుకున్నారు. జన్మలో ఎప్పుడూ నన్ను మెచ్చుకోని మనుషులు గుమ్మడికాయలు తెచ్చి గుమ్మంలో పెట్టారు. తిన్నాను కూడా.

ఆ వారం చేపల గంప రాలేదు. మరుసటి వారమూ రాలేదు. అలియాబాద్ నుంచి వస్తూ మా ఊళ్ళో దాహానికి ఆగిన ఒక దారిన పోయే మనిషి చెప్పాడు, కింది ఊళ్ళో గత్తర పడిందని. మిగిలిన మందు పొట్లాలు కొంగున కట్టుకొని నడిచాను.

వాగు దగ్గరికి వచ్చేసరికి బండి కనిపించింది. ఒక చక్రం ఇసుకలో దిగబడి పక్కకు ఒరిగి ఉంది. బొమ్మ వానకు కరిగి మట్టిముద్దయింది. కుండపెంకులు ఒడ్డునే ఉన్నాయి. బొంతలు లేవు. నీళ్ళు పారిన దారి పొడుగునా ఒక్కొక్క పేలిక ఇసుకలో సగం పూడి, కిందికి, ఇంకా కిందికి. పిలుపు దూరంలో వాళ్ళ చెలిమలు. ఒక పేలిక చెలిమ అంచునే ఉంది. వాన పడ్డాక నీళ్ళు పైకి ఊరాయని కొత్తగా తవ్వుకున్న చెలిమ.

నీళ్ళల్ల వస్తది అన్నది నేనే. బండెక్కి రాదు అన్నది నేనే. బండెక్కి వచ్చి నీళ్ళలో దిగింది. ముసలామె చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. ఆమె తన నిజంతో ఒక పిల్లను కాపాడమని అడిగింది. నేను నా నిజంతో వాదనలో నెగ్గాను.

పిల్లను పందిట్లో పడుకోబెట్టారు. కళ్ళు లోపలికి పోయాయి. చేతులు రోజంతా నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డాయి. కడుపొక్కటే నిండుగా ఉంది. నన్ను గుర్తుపట్టింది. పాఠం అప్పగించని పిల్ల సంజాయిషీ చెప్పుకున్నట్టు చెప్పింది:

"నీళ్ళు కాచినం పంతులమ్మా. నువ్వన్నట్టే రోజు కాచినం. వానకు కట్టెలు తడిసినయి. రెండు దినాలు అంటుకోలే."

ముసలామె తలాపున కూర్చొని చెంచాతో గంజి నీళ్ళు పోస్తున్నది. నా వైపు చూడలేదు. గోడ మీద బొగ్గుతో రాసిన పేరు నాలుగైదు చోట్ల ఉంది. ఒక చోట తప్పు పోతే అడ్డంగా గీత కొట్టి కింద మళ్ళీ రాసుకుంది. నా మందు పొట్లాలు అక్కడ పెట్టాను. ఎవరూ వద్దనలేదు, ఎవరూ తీసుకోలేదు. ఆ సాయంత్రానికి పిల్ల పోయింది. కడుపులో బిడ్డ అంతకుముందే పోయిందని మంత్రసాని అన్నది.

వాకిట్లోంచి బయటికి వస్తుంటే ముసలామె మాట్లాడింది. ఏడుపు లేదు.

"మీ ఊర్ల సచ్చినోళ్ళ పేర్లు నువ్వే రాస్తవంట గద?"

"నేనే రాస్త."

"దీన్ని గూడ రాయి. మీ ఊరి పిల్ల. మీ ఊరి గత్తరతోటే పోయింది. మా దిక్కు ఎవ్వరు రాయరు. రాస్తె జొరం అని రాస్తరు."

రాస్తానన్నాను. ఆ ఏడాది నేను చేసిన వాగ్దానాల్లో నెరవేర్చాలని నిజంగా కోరుకున్నది అదొక్కటే.

తాలూకా వాళ్ళు గత్తర మృతుల పట్టీ అడిగారు. ఊరి పుస్తకం తెలుగులో నేను రాస్తే, పట్వారీ దాన్ని ఉర్దూలోకి ఎత్తి పంపేవాడు. అందరి పేర్ల కింద ఆ పిల్ల పేరు రాశాను. పక్కన, "మా ఊరు వాగు ఒడ్డున దించిన బండి నుంచి కొట్టుకుపోయిన రోగి బట్టల వల్ల, చెలిమ నీళ్ళు చెడి" అని రాశాను. పటేలు చదివించుకొని విన్నాడు.

"గిదేంది? పొలిమేర అవతలి మనిషి పేరు మన పుస్తకంల ఎందుకు?"

"పొలిమేర అవతల వేసింది మనమే గనక."

"బండి పంపిన్రని తాలూకల తెలుస్తె తాకీదు తప్పినట్టు. ఐదుగురం పోతం. చెయ్యెత్తినోళ్ళల్ల నువ్వు లేవా?"

"ఉన్న. నా పేరు కూడ రాయమంటె రాస్త."

"నీకు ముందు ఎన్క ఎవ్వరు లేరు, రాస్తవు. మాకు పిల్లలున్నరు." గొంతు తగ్గించాడు. చెడ్డవాడు కాదతను, నిజంగానే భయపడ్డాడు. "ఊరు బతికింది గద పంతులమ్మా. పోయినోళ్ళు ఎట్లాగు రారు. మన ఊరి పేరు ఎందుకు ఖరాబు జేస్తవు?"

పొద్దు వాలేదాకా వాదించాను. నేను వాదించి ఓడిపోయిన సందర్భాలు ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి. ఆ రోజు మాత్రం నలుగురూ ఒక్కటయ్యారు, అంతకుముందు వద్దన్న ఇద్దరితో సహా. చేతులెత్తారు. పటేలు నా చేతిలోంచి కలం తీసుకొని ఆ వరుస మీద అడ్డంగా గీత కొట్టాడు. ఇకమీద రోగి బట్టలు వాగు దరిదాపుల్లో వేయకూడదు, గుట్ట మీద కాల్చాలి అన్న నా తీర్మానానికి మాత్రం చేతులెత్తారు. నా నోరు మూయించడానికి ఇచ్చిన బేరం అది. బేరాలు నేనే నేర్పాను.

వానలు వెనకపట్టాక ముసలామె మళ్ళీ గంప ఎత్తుకుంది. మా ఇంటి ముందు ఆగేది కాదు. ఒక రోజు చావడి ముందు ఆగింది, లోపల నేనొక్కదాన్నే ఊరి పుస్తకం ముందేసుకొని కూర్చున్న వేళ. గంప గుమ్మం పక్కన దించింది.

"రాసినవా?"

"రాసిన."

అబద్ధం కాదది. ఆమె అంతటితో పోతుందనుకున్నాను. పోతే బాగుండని అనుకున్నాను.

"జూపియ్యి."

"నీకు సదువొస్తదా అవ్వా?"

"దాని పేరొస్తది. గోడ మీద రోజు జూస్త గద."

పుస్తకం తిప్పి ఆమె ముందు పెట్టాను. చేపల పొలుసులంటిన వేలు కొంగుకు తుడుచుకొని, పై నుంచి ఒక్కొక్క వరుస మీదా ఆనించుకుంటూ కిందికి వచ్చింది. చివరి వరుస దగ్గర వేలు ఆగింది. అక్షరాల వెంట నెమ్మదిగా పోయింది. తర్వాత గీత వెంట పోయింది, ఈ చివర నుంచి ఆ చివరిదాకా.

పలక మీద గీత ఎందుకు గీస్తానో కోడలు ఆమెకు చెప్పే ఉంటుంది. ఆమె తలెత్తి నన్ను అడిగింది. ఆ గొంతులో ఎత్తిపొడుపు వెతికాను. ఉంటే జవాబు చెప్పగలిగేదాన్ని.

"ఇందుల తప్పేమున్నది, పంతులమ్మా?"